అరుగు మీద బూట్లు

పన్నెండున్నర అయింది, నిద్ర పట్టడం లేదు. ఈయన పడుకున్నారు. అత్తయ్యగారి గదిలో దీపం ఇంకా వెలుగుతోంది, అంటే ఆవిడకీ పట్టలేదన్నమాట. పొద్దున విన్న మాట ఒకటి చెవిలోంచి పోవడం లేదు. "లైఫ్ ముడింజి పోచ్చు మేడం." ఆయుష్షు తీరిపోయిందట. మా మేడ మీద చెక్క అరుగుకి.

అన్నది డెక్కులు కట్టే కాంట్రాక్టరు. ఈయనే పిలిపించారు. అక్టోబరు మూడో వారం వచ్చిందంటే చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి, ఇక డిసెంబరు దాకా బయట చెక్కపని సాగదు. ఈలోపే రిపేరా, కొత్తదా తేల్చేయాలని ఈయన తొందర. పిలిపించినందుకు నాకు కోపం లేదు. కానీ వచ్చినవాడు బూట్లతో అరుగెక్కాడు. మామయ్యగారు ఉన్నప్పుడు ట్యాంకు కడగడానికి వచ్చే కుర్రాడు కూడా మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఎక్కేవాడు. ఇతను బూటు మడమతో మూడుచోట్ల తన్ని చూశాడు, ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు, అంతే. వంగలేదు. ఒక్క బల్ల లేపలేదు. కింద ఏముందని అడగలేదు. అత్తయ్యగారు అదే అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఉండగా ఆ మాట అనేశాడు. ఆవిడకి తమిళం నాకంటే బాగా వచ్చు.

సాయంత్రానికి వాట్సాప్‌లో కొటేషను వచ్చింది. ఉన్నదంతా పీకేసి, ఎమ్మెస్, అంటే మామూలు ఇనుప పైపుల ఫ్రేము వేసి, పైన డబ్ల్యూపీసీ బల్లలు, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి పోసినవి, పరుస్తారట. లక్షా పదివేలు. పీకినందుకు కూలి వేరే. పీకిన చెక్క వాళ్ళే పట్టుకుపోతారట, మనకి శ్రమ లేకుండా. ఆ వాక్యం చదివాక ఒళ్ళు మండిపోయింది. అంగుళంపావు మందం పాత టేకు అది. ఆయుష్షు తీరిన చెక్క వాడికెందుకు? ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి వణుకుతోంది.

అవి మామయ్యగారి బందరు ఇంటి బల్లలు. అటకవి కొన్ని, వీధి తలుపు కోసి అతికినవి కొన్ని. 2009లో ఇల్లు అమ్మినప్పుడు కర్ర మాత్రం ఇవ్వనని మామయ్యగారు లారీలో వేయించుకొచ్చారు. వాల్మీకి నగర్‌లో మా ఇంటికీ సముద్రానికీ మధ్య నాలుగు వీధులు. ఏసీ బయటి పెట్టె రేకులు మూడేళ్ళకి పొడిపొడిగా రాలిపోతాయి. మా పెద్దమ్మాయి సైకిలు రెండు నెలలు తీయకపోతే గొలుసు బిగుసుకుపోతుంది. గాలితో వచ్చిన ఉప్పు ఊరికే ఉండదు, తేమని లాగి పట్టుకుంటుంది. మే నెలలో కూడా తెల్లవారుజామున ఆ బల్లల మీద చెయ్యి పెడితే జిగటగా తగులుతుంది. టేకులో దాని నూనె దానికి ఉంది కాబట్టి ఓర్చుకుంటుంది. ఇనుము ఓర్చుకోలేదని మామయ్యగారికి తెలుసు. అందుకే ఇరవైనాలుగు బల్లలకీ ఇత్తడి మరలే వేయించారు.

వార్దా తుపాను మర్నాడు ఆయన్ని ఆ అరుగు మీద చూడాలి మీరు. 2016 డిసెంబరు 12 మధ్యాహ్నం అది తీరం దాటింది. అంతకు వారం ముందు జయలలిత పోయారు, ఊళ్ళో ఇంకా ఆ నిశ్శబ్దం తగ్గలేదు. నోట్లు రద్దయి నెల దాటింది, ఏ ఏటీఎంకి వెళ్ళినా డబ్బు లేదనే బోర్డు. గాలి ఒక దిక్కు నుంచి కొట్టీ కొట్టీ, దిక్కు మార్చుకుని మళ్ళీ కొట్టింది. ట్యాంకు మూత పక్కవీధిలో పడింది. ఎదురింటి వేపచెట్టు మా ప్రహరీ మీదికి ఒరిగింది. తెల్లారి నేను మేడెక్కేసరికి మామయ్యగారు అప్పటికే అరుగు మీద మోకాళ్ళ మీద ఉన్నారు. పంచె సగం తడిసిపోయింది. పక్కన చిన్న స్టీలు గిన్నె. ఒక్కో మర మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నారు, లేచినవి తీసి గిన్నెలో వేస్తున్నారు. "కాఫీ తెమ్మంటారా మామయ్యగారూ" అంటే చెయ్యెత్తి ఆగమన్నారు, లెక్క తప్పుతుందని. మొత్తం రెండు వందల ఎనభై ఎనిమిది. పదకొండు మాత్రమే వదులయ్యాయి. ఆ తర్వాత కాఫీ అడిగారు.

చెట్టు కొట్టడానికి వచ్చినతను ఎనిమిది వందలు అడిగాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క రెండువేల నోటు, దానికి చిల్లర ఎవరిస్తారు? అత్తయ్యగారు బియ్యం డబ్బాలో దాచిన పదులూ ఇరవైలూ తెచ్చి గచ్చు మీద పోశారు. మామయ్యగారు దొంతర్లు పెట్టి ఇచ్చారు. మా వీధికి అయిదు రోజులు కరెంటు రాలేదు. ఆ అయిదు రాత్రులూ అందరం అరుగు మీదే పడుకున్నాం. పెద్దది తాతయ్య పొట్ట మీద కాళ్ళేసుకుని చుక్కలు లెక్కపెట్టింది.

కాబట్టి పొద్దున నా మాట ఒకటే. రిపేరే. చర్చ లేదు. ఈయనతో కాస్త గట్టిగానే అన్నాను.

మధ్యాహ్నం, కాంట్రాక్టరు చెప్పింది తప్పని చూపించాలనే పంతంతో స్క్రూడ్రైవరు తీసుకుని మేడెక్కాను. 2019లో మామయ్యగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పాలిష్ వేయించాం, ఆ వచ్చినతను వదులైన ఇత్తడి మరలు తీసేసి నల్ల ఇనప స్క్రూలు బిగించాడు. వాటి చుట్టూ టేకు నల్లగా మచ్చకట్టింది, తలలు తుప్పుతో ఊడి చేతికొచ్చాయి. ఆ మెరుపు పాలిష్ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, ఆరడానికి దారి లేదు. మామయ్యగారు పాత పంచె ముక్కతో నూనె తప్ప ఏదీ రాయనిచ్చేవారు కాదు.

నాలుగు బల్లలు లేపాను. అడుగున గోరు కూడా దిగలేదు, అంత గట్టిగా ఉన్నాయి. సంతోషంగా, కింద బల్లల్ని మోసే వాసం మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కాను. మగ్గిన సీతాఫలంలోకి దిగినట్టు అంగుళం దిగిపోయింది. పక్కదీ అంతే. మిగతా బల్లల సందుల్లోంచి కూడా పొడిచి చూశాను. ఆరు వాసాల్లో నాలుగు పోయాయి. చెద కాదు, మట్టి దారులు ఎక్కడా లేవు. నీటి పుచ్చు. చెక్కలో తేమ 20 శాతం పైన అలాగే నిలిచిపోతే బూజు దాన్ని తినడం మొదలుపెడుతుంది. మా వాసాలు తడి స్లాబు మీదే పడి ఉన్నాయి, ఎందుకంటే మూల తూము ఆకులతో, ఇసుకతో పూడుకుపోయింది. ప్రతి ఆదివారం మామయ్యగారు పుల్లతో పొడిచి శుభ్రం చేసే తూము. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను దాన్ని చూసినట్టు గుర్తు లేదు.

అక్కడే చతికిలబడ్డాను. చూడకుండా చెప్పినవాడి మాటే సగం నిజమైనందుకు ఏడుపొచ్చింది. ఎనభై దాటిన మనిషి రోజూ నడిచే చోటు అది. వాసం విరిగి కాలు దిగబడితే? తీసేద్దాం, కొత్తదే వేద్దాం అనుకున్నాను. ఊరికే అనుకోవడం కాదు, అరగంట పాటు నిజంగా నిశ్చయించుకున్నాను. అతను నమూనాకి వదిలి వెళ్ళిన డబ్ల్యూపీసీ ముక్క పిట్టగోడ మీద ఉంది. చెక్కలా తొందరగా పుచ్చదు, చెద పట్టదు, రంగు కూడా బాగుంది. దాన్ని కింద పెట్టి అరికాలు ఆనించాను. అప్పటిదాకా ఎండలో ఉంది, మూడు లెక్కపెట్టేలోపే కాలు తీసేశాను. పక్కన టేకు మీద కూడా చుర్రుమంది కానీ నిలబడగలిగాను. అత్తయ్యగారు చెప్పులేసుకుని అరుగెక్కరు. పైగా సాయంత్రం వచ్చిన కొటేషనులో ఫ్రేము ఎమ్మెస్, మామూలు ఇనుమే. రెడ్ ఆక్సైడు ఎన్ని పూతలు పూసినా ఈ గాలిలో ఇనుము గతి ఏమిటో మా కిటికీ గ్రిల్స్ చూస్తే తెలుస్తుంది. పైన పుచ్చని బల్ల వేసి కింద తుప్పు పట్టేది పెడతానంటే ఎలా ఒప్పుకోను?

రాత్రి భోజనాల దగ్గర వాసాల సంగతి చెప్పాను. "నాన్న పైన టేకు వేసి కింద నాటుకర్ర వేయించారు, అప్పుడే సరిగ్గా చేసుంటే..." అన్నారు ఈయన. అత్తయ్యగారు మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు. "అప్పుడు నీ ఇంటి లోను వాయిదాలు ఆయనే కట్టార్రా. కింద ఎవరు చూస్తారే, పైన పిల్లలు ఆడుకునేది గట్టిగా ఉంటే చాలన్నారు నాతో." ఈయన ఇంకేం మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని మేడెక్కి చాలాసేపటికి దిగారు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేస్తున్నాను. ఇరవైనాలుగు బల్లల్లో మార్చాల్సినవి రెండే. కింద మాత్రం వాసాలన్నీ తీసేయాలి, బాగున్న ఆ రెండూ కూడా. వాటి బదులు అల్యూమినియం గొట్టాలు, స్లాబుకి తగలకుండా రబ్బరు దిమ్మెలు, నీళ్ళు కింద నుంచి సాఫీగా పోయేలా. స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్. ప్యారిస్ కార్నర్ కొట్లలో ఊరికే స్టెయిన్‌లెస్ అంటే 304 అనే మామూలు రకం చేతిలో పెడతారు, గట్టిగా అడగాలి. 316లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి అదే కాస్త అడ్డు. స్టీలు నేరుగా అల్యూమినియానికి తగిలితే ఈ తేమలో అల్యూమినియాన్ని తినేస్తుందట, కాబట్టి ప్రతి స్క్రూకీ నైలాన్ వాషరు. మా పాత వడ్రంగి ఫోనులో విని డెబ్భై వేలు దాటదన్నాడు. ముందు లేపి చూశాకే చెప్తానని కూడా అన్నాడు. ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది.

చెక్క కింద చెక్కే ఉండాలనేవారు మామయ్యగారు. అల్యూమినియం అంటే ఏమనేవారో. ఇది రాస్తుండగా కూడా రెండుసార్లు మనసు మారింది. మంచి టేకు వాసాలే వేస్తే ఎంతవుతుందో వడ్రంగిని రేపు అదీ అడుగుతాను.

ఇందాక అత్తయ్యగారు మంచినీళ్ళకి వచ్చారు. "అమ్మాయీ, ఊడదీసేటప్పుడు వీధి తలుపుది ఎక్కడుందో గుర్తుపెట్టుకో. గడియ రంధ్రం ఉంటుంది చూడు, ఆ బల్ల. నా కుర్చీ కిందికే రావాలి" అన్నారు. వరస తప్పకుండా బల్లల అడుగున అంకెలు వేయాలి. పెద్దదాని డబ్బాలోంచి సుద్దముక్క తీసి పెట్టాను. ఆవిడ పడుకోవడానికి వెళ్ళాక ఫోను వెలుగులో మేడెక్కి తూము పొడిచాను. పిడికెడు ఇసుక, నల్లగా కుళ్ళిన వేపాకు బయటికొచ్చాయి. బకెట్టుడు నీళ్ళు పోసి చూశాను. అన్నీ పోయాయి.