కాల్ కమాండ్‌లో 15,5 లెక్క, 32 లెక్క

ఐబీఎం బిజినెస్ కంప్యూటర్ సిస్టమ్ ఏఎస్/400 (ఇప్పటి ఐబీఎం ఐ) కమాండ్ లైన్ నుంచి ఆర్పీజీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను కాల్ కమాండ్‌తో పిలుస్తూ పరామ్‌లో (పరామీటర్, అంటే ప్రోగ్రామ్‌కు పంపే విలువ) 150 ఇస్తాం. వెంటనే డెసిమల్ డేటా ఎర్రర్ (సంఖ్యగా చెల్లని డేటా), మెసేజ్ నంబరు ఎంసీహెచ్1202. లాజిక్‌లో తప్పు వెతికే ముందు ఆ 150 ఏ రూపంలో వెళ్లిందో చూడండి.

ఎదుటి ప్రోగ్రామ్ ఏం డిక్లేర్ చేసుకుందో కమాండ్ లైన్‌కు తెలియదు. ఏ సంఖ్య ఇచ్చినా 15 అంకెలు, అందులో 5 దశాంశాలు ఉన్న ప్యాక్డ్ (బైట్‌కు రెండేసి అంకెలు, చివర ప్లస్/మైనస్ సైన్) ఫీల్డుగా 8 బైట్లలో పెడుతుంది. 150 కాస్తా 000000015000000ఎఫ్ అవుతుంది. ప్రోగ్రామ్‌కు అందేది దాని అడ్రసు మాత్రమే. అక్కడ ప్యాక్డ్ 5,0 (5 అంకెలు, దశాంశాలు లేవు) అని ఉంటే మొదటి 3 బైట్లే చదువుతుంది, అంటే 000000. చివరి అర బైట్‌లో ఎఫ్, డి లాంటి సైన్ ఉండాలి. సున్నా ఉంది కాబట్టి ఎర్రర్.

టెస్టింగ్‌కైతే హెక్స్‌లో (బైట్లను ఉన్నదున్నట్టు రాసే రూపం) ఇవ్వండి: ముందు ఎక్స్, తర్వాత కోట్స్‌లో 00150ఎఫ్. ఫీల్డు 7,2 అయితే 1250.75ను 0125075ఎఫ్ అని రాయాలి. మైనస్ అయితే చివర డి.

క్యారెక్టర్ పరామీటర్లు ఇంకా ప్రమాదం, ఎందుకంటే చాలాసార్లు ఎర్రరే రాదు. విలువ 32 బైట్ల లోపు ఉంటే ఖాళీలతో 32 దాకా నింపుతుంది. 32 దాటితే ఉన్నంతే పంపుతుంది, ఏమీ నింపదు. 50 బైట్ల ఫీల్డుకు 'హైదరాబాద్' అని పంపితే 33వ బైట్ నుంచి మెమరీలో ఏముంటే అది వస్తుంది. ఒకరోజు ఖాళీలే ఉండి సరిగ్గా నడుస్తుంది, మర్నాడు చెత్త వస్తుంది.

సీఎల్ (ఈ సిస్టమ్ కమాండ్లతో రాసే) ప్రోగ్రామ్‌లో వేరియబుల్‌తో నేరుగా కాల్ చేస్తే ఈ గొడవ లేదు. కానీ అదే కాల్‌ను సబ్‌మిట్ జాబ్‌లో (పనిని వెనకాల విడిగా నడిపించే కమాండ్) పెడితే మళ్లీ మొదటికే: వేరియబుల్ విలువ అక్షరాల్లోకి మారి, చివరి ఖాళీలు పోయి, పై రెండు లెక్కలూ వర్తిస్తాయి. 50 బైట్ల పరామీటర్‌కు 51 బైట్ల వేరియబుల్ పెట్టి 51వ చోట ఎక్స్ ఉంచడం పాత చిట్కా. పని చేస్తుంది, కానీ తర్వాత చదివేవాళ్లకు అర్థం కాదు.

రోజూ నడిచే ప్రోగ్రామ్‌కు క్రియేట్ కమాండ్‌తో సొంత కమాండ్ చేసుకోవడమే మేలు. అందులో ప్రతి పరామీటర్‌కూ టైపు, పొడవు రాస్తే సిస్టమే ఆ కొలతకు మార్చి పంపుతుంది, తప్పు విలువను ప్రాంప్ట్‌లోనే (విలువలు అడిగే తెర) ఆపుతుంది.

కాల్‌తోనే కానిస్తే ఒకటి చూసుకోండి: 00123 లాంటి కోడ్ క్యారెక్టర్ అయితే కోట్స్ తప్పనిసరి, లేకపోతే అదీ 15,5 అయిపోతుంది. కోట్స్ లేని చిన్న ఇంగ్లీషు అక్షరాలు పెద్దవైపోతాయి.