నేల మీద యాసిడ్ పోశారు: సెవియాలో మా పాత ఇల్లు బాగుచేసుకున్న అనుభవం

నిన్న సాయంత్రం హాలు నేలకు చివరి విడత మైనం పట్టించాం. రేపటిదాకా అందులో ఎవరూ అడుగు పెట్టకూడదు కాబట్టి నలుగురం వంటింట్లోనే సర్దుకుంటున్నాం. నా కోపం ఇంకా చల్లారలేదు. అది ఉండగానే రాసేస్తున్నాను.

మా ఆయన ఉద్యోగం వల్ల ఏడేళ్ల కిందట స్పెయిన్‌లోని సెవియాకు వచ్చాం. పోయిన ఏడాది గ్వాదల్కివీర్ నది ఒడ్డున త్రియానా పేటలో ఒక పాత భవనం కింది అంతస్తులో ఇల్లు కొనుక్కున్నాం. త్రియానా అంటే తరతరాలుగా కుండలు, రంగు పలకలు చేసినవాళ్ల పేట. అక్కడ ఉంటూ ఇంటిని ఆ ఊరి పద్ధతిలోనే తీర్చుకోవాలని నా పట్టుదల. స్పానిష్ స్టైల్ అని దుకాణాల్లో ఇనుప దీపాలు, ఎద్దు బొమ్మలు అంటగడతారు. వాటికి డబ్బు తగలేయకండి. ఇక్కడి ఇళ్ల అందమంతా సున్నంలో, మట్టిలో, నీడలో ఉంది.

కాగితాల పని సులువుగానే అయింది. గోడలు పడగొట్టడం లేదు కాబట్టి పని నిబంధనల ప్రకారమే చేస్తామని నగరపాలక సంస్థకు ఒక బాధ్యతా ప్రకటన రాసిచ్చాం, భవన సంఘానికి ముందే చెప్పాం, అంతే.

గోడలకు సున్నం వేయించాం. పాత యజమాని వేసిన ప్లాస్టిక్ పెయింట్ కింద చెమ్మ పట్టి బుడగలు లేచింది. దాన్ని పూర్తిగా గీకేసి, గోడ తడిపి, పలచగా మూడు పూతలు వేశారు. పెయింట్ మీదే సున్నం వేస్తే పట్టదు, రాలిపోతుంది. ఈ జిల్లాలోనే ఉన్న మొరోన్ దె లా ఫ్రొంతేరాలో ఇప్పటికీ పాత పద్ధతిలో సున్నం తయారు చేస్తారు. ఆ పనితనాన్ని కాపాడుకుంటున్నందుకు 2011లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. సంక్రాంతికి సున్నం కొట్టిన ఇంట్లో పెరిగినదాన్ని, ఆ వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది.

ఇక నేల సంగతి. హాల్లో లామినేట్ ఒక మూల ఎత్తి చూస్తే కింద పాత సిమెంట్ పలకలు కనిపించాయి. ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు కలిసిన పువ్వుల అల్లిక. పద్నాలుగు చదరపు మీటర్ల గది, చదరపు మీటరుకు ఇరవై ఐదు చొప్పున 350 పలకలు. వీటిని ఇక్కడ ‘బల్దోసా ఇద్రావులికా’ అంటారు. వీటిని కాల్చరు. లోహపు అచ్చులో గడి గడికీ ఒక రంగు పోస్తారు. ఆ రంగు సిమెంట్, పాలరాతి పొడి కలిపినది. దాని వెనక సిమెంట్ ఇసుక వేసి యంత్రంతో నొక్కి, నీళ్లలో నాననిచ్చి ఆరబెడతారు. తమిళనాడులోని చెట్టినాడు ఇళ్లలో వేసే ఆత్తంగుడి సిమెంట్ పలకలు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

పలకల మీద జిగురు, సిమెంట్ మరకలు ఉన్నాయి. పాత నేలల్లో అనుభవం ఉందన్న ఒక కాంట్రాక్టర్‌కు 600 యూరోలు అడ్వాన్స్ ఇచ్చాం. మూడో రోజు పిల్లల్ని బడిలో దింపి తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే ముక్కు మండింది. ఆ ఘాటు నాకు బాగా తెలుసు. గుంటూరులో మా అమ్మవాళ్ల ఇంటి గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద సిమెంట్ మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగారు, అదే వాసన. సీసా మీద ‘ఆగ్వా ఫ్వెర్తే’ అని ఉంది. మాటకు మాట అర్థం చూస్తే ‘గాఢమైన నీళ్లు’. లోపల ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్. కాల్చిన టైల్ మీద పోస్తే ఎంతో కొంత తట్టుకుంటుంది. సిమెంట్, పాలరాయి అయితే నురగలు కక్కి కరిగిపోతాయి. కిటికీ దగ్గర పలకలు నా కళ్లెదుటే పొంగుతున్నాయి.

ఆపమని అరిచాను. కాంట్రాక్టర్ ఆపలేదు. “సెన్యోరా, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ దేశంలో ఎలా చేస్తారో నాకు తెలియదు, స్పెయిన్‌లో ఇలాగే చేస్తాం. మీ ఆయన వచ్చాక ఆయనతో మాట్లాడతాను” అన్నాడు. తలుపు తెరిచే ఉంది, లోపలి వాకిట్లో పొరుగావిడతో పాటు ఇంకో ఇద్దరు నిలబడి చూస్తున్నారు. సిమెంట్ గురించి, పాలరాతి గురించి చెప్పాల్సినదంతా నా బుర్రలో తెలుగులోనే తిరుగుతోంది. ఒక్క స్పానిష్ వాక్యం కూడా పూర్తిగా బయటికి రాలేదు. అంతమంది ముందు నా ఇంట్లో నన్ను బయటిదాన్ని చేసి నిలబెట్టాడు. బకెట్ తీసుకుని నేనే నీళ్లు పోయడం మొదలుపెట్టాక గాని అతని చేతులు ఆగలేదు.

కిటికీలన్నీ తెరిచి గంటసేపు నీళ్లు పోశాను, తరువాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచాను. ఆరాక చూస్తే 41 పలకలు వెలిసిపోయి, చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉన్నాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పలకలు చేసే ఒక పెద్దాయన వచ్చి చూశాడు. రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుందని, పైచర్మమే పోయిందని చెప్పాడు. నీళ్లు పోస్తూ సన్నని వజ్రపు బిళ్లలతో పాలిష్ చేయించాడు. రెండు వారాలు ఆరనిచ్చి అవిసె నూనె, తరువాత మైనం పట్టించాం. ఇక రోజూ తుడవడానికి మామూలు సబ్బు నీళ్లే. వెనిగర్, నిమ్మకాయ దగ్గరికి రానివ్వకూడదు. మన పులుసు చుక్క పడినా మచ్చ పడుతుంది కాబట్టి వంటింటి నేలకు వీటిని వేయించుకోకండి. వంటింటి గోడకు మాత్రం మెరుగు పూసిన అసులేహో పలకలు పెట్టించండి, పోపు చిట్లినా గుడ్డతో తుడిస్తే పోతుంది.

పని అప్పగించే ముందు నేల కడగడానికి ఏ రసాయనం వాడతారో పేరుతో సహా కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మి నేను నష్టపోయాను. ఇక్కడ ఏ వ్యాపారి అయినా అడిగితే ఫిర్యాదు కాగితం ఇవ్వాల్సిందే. రెండుసార్లు అడిగితే ఆ కాంట్రాక్టర్ ఇచ్చాడు, రాశాను. అడ్వాన్స్ మాత్రం ఇంకా వెనక్కి రాలేదు.

మిగతావన్నీ వారంలో అయిపోయాయి. కిటికీకి బయట వేలాడే చెక్క తెర కట్టాం. మధ్యాహ్నం దాన్ని దించేసి, రాత్రి కిటికీలు తెరిస్తే ఇక్కడి నలభై డిగ్రీల ఎండ కూడా ఓర్చుకోవచ్చు. చలికాలానికి కింద హీటర్ పెట్టుకునే గుండ్రని ‘మేసా కమీయా’ బల్ల కొన్నాం.

కిటికీ దగ్గర తొమ్మిది పలకలు ఇంకా కొంచెం పాలిపోయే ఉన్నాయి. ఆ బల్లను వాటి మీద వేద్దామన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు వాకిట్లో నిలబడి చూసిన పొరుగావిడను ఆదివారం కాఫీకి పిలిచాను. నేలంతా ఆవిడ చూడాలి, ఆ తొమ్మిది పలకలతో సహా.