పెరుగు బకెట్లో పద్నాలుగు స్టిక్కులు

జనవరి నుంచి విరిగిన డ్రమ్ స్టిక్కులేవీ పారేయలేదు. ఖాళీ పెరుగు బకెట్ ఒకటి పెట్టి అందులో వేస్తూ వచ్చాను. మొన్న ఆదివారం కింద పోసి లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. "ఊరికి పంపిద్దామా, నీళ్ల పొయ్యిలోకి?" అంది మా ఆవిడ. ఇప్పుడే వద్దన్నాను, వాటితో నాకింకా పనుంది.

డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడేళ్లు. వారానికి రెండుసార్లు మా బ్యాండు జామ్ రూమ్‌కి, అంటే సాధన గదికి, పోతాం, పోయినప్పుడల్లా రెండు గంటలు. రాక్, కాస్త మెటల్. నా చెయ్యి బరువు. "నువ్వు వాయించట్లేదురా, వడ్లు దంచుతున్నావు" అంటాడు మా బేస్ గిటార్ వాడు.

జనవరి

అప్పటిదాకా 5ఏ సైజు స్టిక్కులు వాడేవాణ్ణి. వరసగా మూడు విరిగేసరికి, అందరూ చెప్పినట్టే లావు స్టిక్కులకి మారాను. ఏకంగా 2బీ కొన్నాను. స్టిక్కులు చేసే విక్ ఫర్త్ వాళ్ల లెక్కలో 5ఏ మందం 0.565 అంగుళం, 5బీ 0.595, 2బీ 0.630. అంటే 5ఏకీ 2బీకీ మధ్య తేడా ఒకటిన్నర మిల్లీమీటరు పైన ఇంకాస్త. ఇంతే కదా అనుకున్నాను. కానీ మందం పదకొండు శాతం పెరిగితే బరువు దాదాపు పావు వంతు పెరుగుతుంది. మొదటి అరగంట రాజాలా ఉంది. రెండో గంటలో మోచేతి కింద కండ బిగుసుకుపోయింది. హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్స్, అంటే లోహపు పళ్లేలు) మీద పదహారో నోట్లు, అంటే బీట్‌కి నాలుగేసి దెబ్బలు, వెనకబడుతున్నాయని పాడేవాడే తిరిగి చూశాడు. పైగా 2బీ కూడా విరిగింది. మూడు వారాలకి 5బీ దగ్గర స్థిరపడ్డాను. ఇప్పటికీ అవే.

ఫిబ్రవరి చివర

అప్పటికి బకెట్లో తొమ్మిది. ట్యూబ్‌లైటు కింద వరసగా పేర్చి చూశాను, ఈ పని ముందే చెయ్యాల్సింది. ఒకదాని కొన పెచ్చులూడింది, అది రైడ్ సింబల్ నడిమి బొడిపె మీద కొట్టినందుకు. రెండు నడిమికి విరిగాయి, అవి రిమ్‌షాట్ల (డ్రమ్ అంచునీ పైపొరనీ ఒకేసారి కొట్టే దెబ్బల) పుణ్యం. మిగతా ఆరూ ఒకేచోట పోయాయి. కొన సన్నబడే చోటుకి కాస్త కింద, చెరుకు గడ కొరికినట్టు ఒకవైపే అరిగి, అక్కడే తెగాయి. కొరికింది హై-హ్యాట్ అంచు, క్రాష్ సింబల్ అంచు. స్టిక్ సన్నమని కాదు విరగడం, నేను దాన్ని రంపం మీద పెట్టి కోస్తున్నాను.

హై-హ్యాట్ బాగా ఎత్తులో ఉండేది, స్టిక్ పక్కనుంచి అడ్డంగా వచ్చి అంచుకి తగిలేది. ఐదు సెంటీమీటర్లు దించితే చేతులు ఒకదానికొకటి తగులుకున్నాయి. మూడు దగ్గర ఆపాను. క్రాష్ అయితే చదునుగా, అందీ అందనట్టు ఉండేది. జానెడు దించి నా వైపు వాల్చాను. ఇప్పుడు దెబ్బ అంచుకి ఎదురుగా పడకుండా పక్కకి జారుతూ పోతుంది, చీపురు విసిరినట్టు. రిమ్‌షాట్లు మానలేను కాబట్టి, పాట పాటకీ స్టిక్కుని చేతిలో కాస్త తిప్పి పట్టుకుంటున్నాను, అరుగుదల ఒకేచోట పడకుండా.

మార్చిలో విరిగినవి మూడు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా రెండు.

సింబల్స్ గురించి ఒక మాట. నా పదహారు అంగుళాల క్రాష్ అంచు చీలింది కూడా పాత అమరిక పుణ్యమే. నట్టు బిగించేశాను, అది ఊగడానికి చోటు లేదు. ఊగనిస్తే దెబ్బ తీసుకుంటుంది, బిగిస్తే చీలుతుంది. జామ్ రూమ్ క్రాష్‌ది ఇంకో కథ: స్టాండు మీద ప్లాస్టిక్ గొట్టం లేక, ఇనుప కడ్డీ రాసుకుని రాసుకుని నడిమి కన్నం తాళంచెవి కన్నంలా సాగింది. ఆ గొట్టాలు, సింబల్‌కి పైనా కిందా పెట్టే మెత్తటి ఫెల్టు బిళ్లలు ఇప్పుడు నా బ్యాగులోనే ఉంటాయి. గట్టిగా కొట్టేవాడికి మందం సింబల్ అంటారు గానీ, నా అనుభవంలో మందందానికి ఇంకా గట్టిగా కొట్టాలనిపిస్తుంది. మధ్యరకం చాలు.

ఏప్రిల్

హెడ్లు, అంటే డ్రమ్ముల మీద బిగించే ప్లాస్టిక్ పొరలు, మార్చాను. స్నేర్ (మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్) మీద రెమో కంపెనీ అంబాసిడర్ ఉండేది, ఒకటే పొర, 10 మిల్. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రెండు నెలలకే మశూచి మచ్చల్లా గుంటలు. టామ్‌లకి (మిగతా చేతి డ్రమ్ములకి) రెండు పొరలది, ఎవాన్స్ కంపెనీ జీ2 వేశాను, 7 మీద ఇంకో 7. స్నేర్‌కి ఒకటే పొర ఉంచి, నడుమ చుక్క అతికించింది తీసుకున్నాను. కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌కి) పెడల్ సుత్తి, అంటే బీటర్, తగిలేచోట చిన్న ప్యాచ్. స్నేర్ అడుగు హెడ్ 3 మిల్లే, ఉల్లిపొరలాంటిది. దాని మీద వేలు కూడా నొక్కకండి.

అసలు గుంటలకి సగం కారణం వదులు. "లావు సౌండు" కోసం బాగా దింపి వాయించేవాణ్ణి. కొత్త హెడ్ వేసినప్పుడు అంచు చుట్టూ ఉండే బిగింపు రాడ్లన్నీ వేళ్లతో బిగించి, తర్వాత కీతో ఎదురెదురు రాడ్లకి అర తిప్పు చొప్పున పోయి, చివర్లో పావు తిప్పు ఎక్కువే ఇచ్చాను. స్టిక్ దానంతటదే లేస్తుంది, మళ్లీ ఎత్తే శ్రమ లేదు. సౌండూ ముందుకన్నా దూరం పోతోంది. మా ఊళ్లో పీర్ల పండగకి డప్పులోళ్లు నాలుగు ఎండుటాకులు ముట్టించి డప్పు కాచేది ఎందుకో చిన్నప్పుడు తెలియలేదు. తోలు బిగిస్తే మోత దానికదే వస్తుంది. వాళ్ల చేతిలో ఉండేవీ ఒక పొట్టి చిర్ర, ఒక సన్నటి చిటికెన పుల్ల, అంతే.

స్టిక్కులు కొనేటప్పుడు

షాపతను విసుక్కున్నా సరే, గాజు కౌంటర్ మీద దొర్లించి చూస్తాను. వంకర ఉంటే కొన ఊగుతుంది. తర్వాత చెవి దగ్గర రెండిటినీ విడివిడిగా తడితే ఒకే శ్రుతి పలకాలి. ఇంటికి తెచ్చి వంటింటి త్రాసు మీద తూస్తాను. ఒక జతలో ఒకటి 57 గ్రాములు, ఇంకోటి 63 వచ్చింది. అప్పటినుంచి మూడు జతలు ఒకేసారి కొని నేనే జతలు కలుపుకుంటున్నాను. చెక్క గీతలు కొన నుంచి మడమ దాకా నిలువుగా పోవాలి. పక్కకి తెగిపోయే గీత ఉన్నచోటే ఏటవాలుగా విరుగుతుంది.

చెక్క అంటే హికరీయే. ఓక్ ఒక జత వాడాను, గట్టిదే గానీ ఆ అదురంతా మణికట్టుకే వచ్చింది. మేపుల్ నాలాంటివాడికి కాదు. నైలాన్ కొన ఒకటి మధ్యలో ఊడి ఎగిరి పాడేవాడి వీపుకి తగిలింది. ఆ ప్రయోగం అక్కడితో సరి.

చెవులు

ఇది చివర రాస్తున్నాను గానీ ముందు కొనాల్సింది ఇదే. చెవులు పాడవకుండా ఉండగలిగేది 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు, ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగం: 100 దగ్గర పదిహేను నిమిషాలే. మేం రెండు గంటలు ఉంటాం. రాత్రి ఫ్యాను ఆపినా కుయ్యిమనేది, నేనేమో ఫ్యాను బేరింగ్ అనుకున్నాను. సంగీతం వాళ్ల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్న మొదటి రెండు వారాలు, వినపడక ఇంకా గట్టిగా బాదాను. ఆ వారాల్లోనే పన్నెండోది విరిగింది.

మిగిలింది కిక్. రెండో పాటకల్లా జానెడు ముందుకు జారుతోంది. ముందు కాళ్ల మేకులు బయటికి తీశాను, కింద తివాచీ వేశాను. ఇప్పుడు తివాచీతో సహా జారుతోంది. ఈ శనివారం తివాచీ మీదకి నా స్టూలు కూడా జరిపి, నా బరువు దాని మీద పడేలా చూస్తాను.