ఒక్క చుక్క తేడా

"బాబాయ్, చివర ఒక చుక్క పెట్టి చూడు" అంది మా అన్నయ్య కూతురు, హనుమకొండలో వాళ్లింట్లో ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి. అప్పటికే 'ఓరుగల్లు' అని కొడితే 64 అక్షరాల హ్యాష్, అంటే ఆ మాట నుంచి కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే గుర్తు, వచ్చి ఉంది. చుక్క పెట్టగానే దానితో పోలికే లేని మరో 64!

లెక్కలను బ్లాకులుగా గొలుసులా కలిపి ఎన్నో కంప్యూటర్లలో దాచే బ్లాక్‌చెయిన్ గుట్టంతా ఇక్కడే ఉంది. ప్రతి బ్లాకులో దాని ముందు బ్లాకు హ్యాష్ ఉంటుంది. పాత లెక్క ఒక్కటి దిద్దినా ఆ తర్వాతి లంకెలన్నీ తెగిపోతాయి. ఇలాంటి గొలుసు మీదే నడిచే డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్‌లో అయితే ఆ బ్లాకులన్నిటికీ మళ్లీ మైనింగ్, అంటే సరైన హ్యాష్ దొరికేదాకా కంప్యూటర్లతో లెక్కలు కట్టే పని, చేయాలి. ఈలోగా సుమారు 10 నిమిషాలకు ఒక బ్లాకు చొప్పున అసలు గొలుసు పెరుగుతూనే ఉంటుంది. మొత్తం కంప్యూటింగ్ శక్తిలో సగానికి పైగా చేతిలో లేనివాడు దాన్ని అందుకోవడం దాదాపు అసాధ్యం. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు వేల కంప్యూటర్లలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎంత అందమైన ఆలోచన!

అయితే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తూకాలు ఇందులో ఎక్కిస్తే చాలు, రైతుకు ఇక మోసమే ఉండదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. కాంటా దగ్గరే తప్పు బరువు నమోదైతే ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది. కాంటాను సరిచూసే మనిషి, రైతు కళ్లెదుటే నమోదు, ముందు కావలసినవి ఇవి.