తమ్ముడి తెల్లవెంట్రుకలు

"అక్కా, ఈ సీరమ్ సీసా అయ్యేసరికి ఇవి నల్లబడిపోతాయి కదా?" అద్దం ముందు పాపిడి విప్పి చూపిస్తూ అడిగాడు తమ్ముడు. వాడికి ఇంకా 22. వచ్చే నెల బరంపురంలో ఇంటర్వ్యూ, అదే టెన్షన్.

సీసా వెనక చదివాను. పామిటాయిల్ టెట్రాపెప్టైడ్-20. రంగు తయారు చేయమని కణాలకు చెప్పే హార్మోన్‌ని పోలిన పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క. అది పని చేసినా కుదురు దగ్గరే, కొత్తగా పెరిగే వెంట్రుకలోనే. బయటికొచ్చేసిన తెల్లవెంట్రుకలో ప్రాణం ఉండదు, దాన్ని ఏ సీరమూ తిరిగి నల్లగా చేయలేదు. మనుషుల మీద గట్టి పరీక్షలు కూడా తక్కువే.

అదే చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. నా మనసు చివుక్కుమంది.

అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని వాడు రెండు వారాలుగా అంటున్నాడు. నేనే పట్టించుకోలేదు. విటమిన్ బీ12 తగ్గితే తిమ్మిర్లూ వస్తాయి, చిన్న వయసులో జుట్టూ నెరుస్తుంది. ఆ లోటు తీరిస్తే కొందరికి మళ్ళీ నల్లబడుతుంది కూడా. థైరాయిడ్ కూడా చూడాలి.

సాయంత్రం పర్లాకిమిడి బజారులో ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అచ్చం చిన్నప్పటిలాగే.

రిపోర్టు రేపు వస్తుంది.