జెడ్‌ఎస్‌ఎం-5 లోపలి దారులు

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు శాంపిల్ తయారవగానే ముందు చూసేది బీఈటీ (ఉపరితల వైశాల్యం కొలత) ఎంత వచ్చిందని. గ్రాముకి ఎన్ని చదరపు మీటర్లన్నదే వాళ్ల టెన్షన్. ఆ అంకె కావాల్సిందే. కానీ నేను ఏళ్లుగా పనిచేస్తున్న జెడ్‌ఎస్‌ఎం-5 జియోలైట్ (సన్నని రంధ్రాలున్న క్యాటలిస్ట్, అంటే రసాయన చర్యల్ని వేగవంతం చేసే పదార్థం) మంచిచెడ్డలు దాంతో తేలవు. లోపల తయారైన అణువు బయటికి ఎలా వస్తోందో చూడాలి.

1972లో మోబిల్ కంపెనీ పేటెంట్ తీసుకున్న పదార్థమిది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న స్ఫటికం. రంధ్రాల వెడల్పు సుమారు 0.55 నానోమీటర్లు. కొన్ని తిన్నగా పోతాయి, కొన్ని మెలికలు తిరుగుతూ వచ్చి వాటిని కలుస్తాయి. పాలిస్టర్ బట్టకీ ప్లాస్టిక్ సీసాలకీ మూలమైన పారాజైలీన్ ఈ రంధ్రాల్లోంచి సులువుగా బయటపడుతుంది. అవే పరమాణువులు వేరే ఆకారంలో అమరిన ఆర్థో, మెటా జైలీన్లు కాస్త వెడల్పు, అందుకని లోపలే చాలాసేపు తిరుగుతూ పారాగా మారేదాకా ఆగుతాయి. 1985లో న్యూజిలాండ్‌లోని మోటునుయ్‌లో మిథనాల్ నుంచి పెట్రోల్ తీయడం మొదలుపెట్టిందీ ఈ క్యాటలిస్ట్‌తోనే. పది, పదకొండు కార్బన్లు దాటిన అణువులు ఈ రంధ్రాల్లో పట్టవు కాబట్టే వచ్చేది పెట్రోల్, డీజిల్ కాదు.

ఆ ఇరుకే చివరికి దాని ప్రాణం తీస్తుంది. మిథనాల్ రియాక్షన్ మధ్యలో ఆపి ట్యూబ్‌లోంచి క్యాటలిస్ట్ బయటికి తీస్తే, మిథనాల్ ముందుగా తగిలే వైపు నల్లగా ఉంటుంది, ఆ తర్వాత బూడిద రంగు. అది కోక్, అంటే మసిలాంటి కార్బన్. బయటపడలేని అణువులు ఒకదానికొకటి అంటుకుని అలా తయారవుతాయి. 550 డిగ్రీల దగ్గర గాలి పంపి కాలిస్తే పొడి మళ్లీ తెల్లబడుతుంది. అయితే ఆ వేడిలో పుట్టే నీటి ఆవిరి చట్రంలోని అల్యూమినియాన్ని కొంచెం కొంచెంగా ఊడబీకుతుంది. దాంతోపాటే రియాక్షన్ జరిగే చోట్లు, ఆమ్లస్థానాలూ పోతాయి.

అందుకే డీసిలికేషన్ (క్షారంతో సిలికాన్‌ని కొంత తీసేసి దారులు వెడల్పు చేయడం) అంటే నాకంత ఇష్టం. 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, 65 డిగ్రీల దగ్గర, అరగంట కలిపి, వెంటనే ఐసులో పెట్టి చల్లార్చాలి. సిలికా కొంత కరిగి స్ఫటికంలో వెడల్పాటి దారులు పడతాయి. ఎంత కరగాలో నిర్ణయించేది అల్యూమినియమే. సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 25 నుంచి 50 మధ్య ఉంటే పని చక్కగా జరుగుతుంది. అల్యూమినియం మరీ ఎక్కువైతే సిలికా కదలదు, మరీ తక్కువైతే స్ఫటికమే కూలిపోతుంది. స్ఫటికం నిలిచిందో లేదో చెప్పే ఎక్స్‌రే పరీక్ష ఎక్స్‌ఆర్‌డీలో 7.9, 8.8 డిగ్రీల దగ్గరి పీకులు, 23, 24 దగ్గర వచ్చే గుంపు చెక్కుచెదరకపోతే నాకు ఊపిరి వస్తుంది.

తర్వాత మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ గ్రాఫ్. పీడనం పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ రంధ్రాల్లో ఎంత నైట్రోజన్ పట్టిందో గీస్తుంది. పిల్లలు పైకి వెళ్లే గీత చూస్తారు, నేను తిరిగొచ్చే గీత చూస్తాను. సాపేక్ష పీడనం 0.42 దగ్గర అది ఒక్కసారిగా కిందికి పడిందంటే, పెద్ద రంధ్రాలు ఏర్పడ్డాయి గానీ స్ఫటికం నడుమే ఉండిపోయాయి. వీధిలోకి గుమ్మం లేని గదులవి, వాటిలోకి పోవాలన్నా రావాలన్నా మళ్లీ ఆ పాత ఇరుకు రంధ్రాలే గతి. బీఈటీ మాత్రం దర్జాగా పెరిగి కనిపిస్తుంది. ఇప్పుడు ఇలాంటి శాంపిల్ ఒకటి, పైదాకా దారులు తెరుచుకున్నది ఒకటి, రెండిట్లోనూ ఆమ్లస్థానాలు సమానంగా ఉండేలా చూసి, మిథనాల్‌తో పక్కపక్కన నడపబోతున్నాం.