బావి గోడలో ఎరువు జాడ

పోయిన వేసవిలో మా పాత బావి పూడిక తీయించినప్పుడు లోపలికి దిగి గోడను దగ్గరగా చూశాను. పైన రెండడుగుల ఎర్రమట్టి, దాని కింద గోరుతో గీస్తే మైనంలా జారే బంకపొర, ఇంకా కింద మొరం కనిపించాయి. మొరంలో అభ్రకం రేకులు మెరుస్తున్నాయి. పైరు వేళ్లు బంకపొర దగ్గరే ఆగిపోయాయి. వేళ్లకు అందని ఎరువు ఈ పొరల్లో ఎక్కడ నిలుస్తుందన్నది అప్పటి నుంచి నా మనసులో మెదులుతూనే ఉంది.

బంకమన్ను రేణువుల మీద ఋణావేశం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ధనావేశమున్న అమ్మోనియం, పొటాషియం, కాల్షియం వాటిని అంటిపెట్టుకొని ఉంటాయి. నల్లరేగడిలో ప్రధానమైన బంక ఖనిజం మాంట్‌మోరిల్లోనైట్ కిలోకు 80 నుంచి 150 సెంటీమోళ్ల (ఆవేశాన్ని లెక్కించే కొలత) ధనావేశాన్ని పట్టగలిగితే, ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కయొలినైట్ 3 నుంచి 15 వరకే పట్టగలదు. అభ్రకం సంగతి వేరు; అది పొటాష్‌ను తన పొరల మధ్యనే దాచుకొని, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. భాస్వరాన్ని ఎర్రనేలలో ఇనుము ఆక్సైడ్లు, రేగడిలో సున్నం బిగించి పట్టేస్తాయి కనుక అది బావి దాకా చేరడం అరుదు.

చిక్కంతా నైట్రేటుతోనే. యూరియా కొద్ది రోజుల్లో అమ్మోనియంగా, ఆపై సూక్ష్మజీవుల వల్ల నైట్రేటుగా మారుతుంది. నైట్రేటుది ఋణావేశం గనుక బంకమన్ను దాన్ని దగ్గరకు రానివ్వదు. బాగా శిథిలమైన ఆమ్లనేలల అడుగు పొరల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల మీద ధనావేశం ఏర్పడి నైట్రేటు కొంత నిలుస్తుంది. పశ్చిమ కెన్యాలో ఇది గమనించిన విషయమే. అంతటి ఆమ్లత్వం లేని మన చెలకల్లో ఆ భరోసా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. రేగడి ఎంత బలమైనదైనా, ఎండాకాలపు నెర్రెలు పూడకముందే కురిసిన తొలి వాన పైనున్న నైట్రేటును నేరుగా లోతుకు దింపేస్తుంది.

వేళ్లను దాటిన నైట్రేటు అన్నిచోట్లా వెంటనే భూగర్భజలంలోకి చేరదు. ఇంగ్లండు సుద్దరాతి పొరల్లో అది ఏడాదికి సుమారు ఒక మీటరే దిగుతుంది. అందుకే ఎరువు తగ్గించినా, తాగునీటికి మన దేశంలో ఉన్న లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బావి ఏళ్లకు గాని తేరుకోకపోవచ్చు.

45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఈ వానాకాలం దాన్ని ఒక్కసారిగా చల్లకుండా మూడు దఫాలుగా వేస్తున్నాను. రేగడి మడిలో మాత్రం నెర్రెలు పూర్తిగా మూసుకున్నాకే మొదటి దఫా.